బాతాఖానీ కుర్చీ రెండో సగం

బోర్లా వెయ్యండి

కుర్చీల పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను మొట్టమొదట అడిగేది ఒకటే. "అమ్మా, ఇది ఏ కాలం కుర్చీయో చూడంగనే ఎట్ల చెప్తవ్?"

చూడగానే నేనేమీ చెప్పను. ముందు దాన్ని బోర్లా వెయ్యమంటాను. పైభాగం పదిమందికి చూపించుకోవడానికి చేసింది. వీపు మీద పూలు, చేతుల మీద నగిషీ, ఒళ్ళంతా మెరుపు. కిందికి వంగి చూస్తే రంపం ఎటు నడిచిందో, చెక్క ఎక్కడ అతికారో, ఎవరు హడావుడిగా మేకు కొట్టిపోయారో అన్నీ బయటపడతాయి. యజమాని "మా తాత విలాయత్ నుంచి ఓడల తెప్పిచ్చిండు" అంటాడు. బోర్లా వేస్తే మన టేకు, మన ఉలి గాట్లు. నేను నవ్వు మింగేసి "అవును సాబ్" అంటాను. గిరాకీతో వాదం పెట్టుకోవడం మన పని కాదు.

నేను మేదరింటి ఆడపిల్లను. పేరు సత్తెమ్మ. మా ఆయన రైల్వేలో గ్యాంగ్‌మన్, యాకుత్‌పురా స్టేషన్ దగ్గర ఇల్లు. ఇంటి ముందు కూర్చుని చాటలు, తట్టలు అల్లి అమ్మేదాన్ని. పంతొమ్మిదివందల అరవైల చివర్లో ఒక పొద్దున, తెల్ల గడ్డం, పైజామా నిండా రంపపు పొట్టు ఉన్న ఒక పెద్దమనిషి వచ్చి నా ముందు గొంతుక్కూర్చున్నాడు. చాటలు చూడడు, బేరం చెయ్యడు, నా వేళ్ళనే చూస్తున్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"ఏంది సాబ్? చాట కావాల్నా, ఊకనే కూసుంటవా?"

"చాట నక్కో బేటీ. నీ అల్లిక కావాలె. నా దుకాణంల కుర్చీలన్నీ సీట్లు లేక నోరు తెర్సుకొని ఉన్నయ్."

ఆయన కరీం ఉస్తాద్. పాత కుర్చీలు బాగుచేసే వడ్రంగి. మా అత్తకు సంగతి చెబితే ఆమె బుగ్గన వేలు పెట్టుకుంది. "కుర్చీల బొక్కలు పూడ్చనీకి గూడ ఒక నౌకరీయా? కింద కూసుంటే అయిపాయె గద!" అంది. మా ఇంట్లో అప్పటికి ఒక్క కుర్చీ లేదు. అయినా వెళ్ళాను. ముసలితనం వచ్చి చూపు మందగించేదాకా ఆ పనిలోనే ఉన్నాను. ఉస్తాద్ తర్వాత దుకాణం నా చేతికి ఎలా వచ్చింది, ఏ దస్తావేజు ఎవరు రాశారు అనే గోల ఇక్కడ రాయను. అది చదివి మీరు నేర్చుకునేది ఏమీ లేదు.

మేం పెట్టుకున్న పేర్లు

ఇంగ్లీషు చదివిన గిరాకీలు కుర్చీలకు రాజుల పేర్లు, రాణుల పేర్లు చెప్పేవాళ్ళు. ఆ పేర్లు నేర్చుకోండి, అమ్మకానికి పనికొస్తాయి. మా దుకాణంలో మాత్రం మా పేర్లు మాకుండేవి. గుండ్రటి వీపు, నడుము దగ్గర సన్నగా ఉంటే బుగ్గ కుర్చీ. ఆవిరి పట్టి కర్రను వంచి చేసిన సన్నకాళ్ళవి చాయ్ హోటల్ కుర్చీలు. అంచులన్నీ గుండ్రంగా తిప్పి, అడ్డగీతలు పెట్టి, పాతకాలపు రేడియో పెట్టెలా ఉండేది రేడియో కుర్చీ. కాలు చివర జంతువు గోళ్ళతో బంతిని పట్టుకుని ఉంటే పంజా కుర్చీ.

ఈ పంజాల సంగతి చెబితే ఇప్పటికీ నవ్వొస్తుంది. అది సింహం పంజా అని పెద్దవాళ్ళ నమ్మకం. చెక్కిన మన పనివాళ్ళు సింహాన్ని ఎక్కడ చూశారు? ఒక కుర్చీకి అచ్చం వీధి కుక్క కాళ్ళు. ఇంకోదానికి కోడి గోళ్ళు. బొమ్మ చూసి మొదలుపెట్టి, మధ్యలో తమకు తెలిసిన జంతువు దగ్గరికి వచ్చేసేవాళ్ళు. నాకు అవే ఎక్కువ ఇష్టం. చెక్కిన మనిషి అక్కడ కనిపిస్తాడు.

నా పని సీట్లు అల్లడం. వెదురు నాకు పుట్టినప్పటి నుంచి తెలుసు, పేము అక్కడే నేర్చుకున్నాను. పేము పట్టీని నీళ్ళలో నానబెట్టాలి. నిలువు, అడ్డం, మళ్ళీ నిలువు, మళ్ళీ అడ్డం, ఆపైన రెండు వైపులా ఐమూలగా. తడిగా ఉన్నప్పుడు మరీ బిగించారో, ఆరాక తెగుతుంది. వదులుగా వదిలారో, కూర్చున్న మనిషి లోపలికి దిగిపోతాడు. ఆరిన సీటును వేలితో మీటితే చిన్న డప్పులా పలకాలి. పలకకపోతే విప్పి మళ్ళీ అల్లండి, బద్ధకించకండి.

పాలిష్ పని నర్సింగన్నది. చెయ్యి బంగారం, నోరు దురుసు. ఒకసారి ఒక పెద్దమనిషి తన రేడియో కుర్చీ కొత్తదానిలా నల్లగా తళతళలాడాలని పట్టుబట్టాడు. ఉస్తాద్ వద్దంటూనే చివరికి మొహమాటానికి తలూపాడు. నర్సింగన్న పాత రంగంతా గీకేశాడు. ఎండకు, చేతి చెమటకు ఏళ్ళ తరబడి తిరిగిన ఆ తేనెరంగు పొట్టుగా నేలమీద పడింది. గిరాకీ మురిసిపోయి తీసుకుపోయాడు. మేం ముగ్గురం ఆ మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. మురికి తియ్యండి, వయసు తియ్యకండి. ఆ మాట నర్సింగన్నదే, ఆ రోజే అన్నాడు.

ఉస్తాద్ పద్ధతి

కరీం ఉస్తాద్ గొప్ప పనివాడు, పరమ చెడ్డ వ్యాపారి. కోపం ముక్కు మీదే ఉండేది. ఆయన పద్ధతుల్లో సగం మొండితనం, సగం జ్ఞానం. ఏది ఏదో నాకు చాలా ఏళ్ళు పట్టింది తేల్చుకోవడానికి.

అందులో ఒకటి కూర్చోబెట్టడం. బాగుచేసిన కుర్చీ ఏదైనా సరే, దాంట్లో రోజూ కూర్చునే మనిషి దుకాణానికి వచ్చి కూర్చుంటే తప్ప గడప దాటనిచ్చేవాడు కాదు. నౌకరు వస్తే వెనక్కి పంపేవాడు. అసలు మనిషి కూర్చుంటే ఈయన నేలమీద పడుకుని కుర్చీ కాలికి చెవి ఆనించేవాడు. కూర్చున్నవాళ్ళు నోరు మూసుకుని బిగుసుకుపోతే ఒప్పుకోడు, మాట్లాడాలి. మాట్లాడితేనే మనిషి కదులుతాడు, నవ్వుతాడు, వెనక్కి వాలతాడు.

"మనిషి మాట్లాడాలె, కుర్చీ మాట్లాడొద్దు," అనేవాడు. కిర్రుమంటే మళ్ళీ విప్పడమే.

చెయ్యి చాపే కుర్చీ ఒకటి వచ్చింది. పొడుగు ఆరామ్ కుర్చీ, చేతుల కింద నుంచి పలకలు బయటికి తిప్పి వాటి మీద కాళ్ళు చాపుకోవచ్చు. దాని యజమాని పెన్షన్ తీసుకున్న పోలీసు అమీన్. కూర్చోబెట్టడానికి వచ్చి, కాళ్ళు చాపి, ఉస్తాద్‌తో రెండు మాటలు మాట్లాడి గురక పెట్టాడు. లేపుదామంటే ఉస్తాద్ సుత్తి కూడా ముట్టనివ్వలేదు. సాయంత్రం అమీన్ గారి భార్య వెతుక్కుంటూ వచ్చి, "ఇంట్ల ఇట్ల పండక ఎన్నేండ్లాయె!" అని కళ్ళ నిండా నీళ్ళు పెట్టుకుని నవ్వింది. అట్లాంటి రోజుల కోసమే ఈ పని.

నాలుగో కాలు

ఇప్పుడు అసలు కథ. డెబ్బైల మధ్యలో ఒక వంకర కుర్చీ వచ్చింది. నల్ల జిట్రేగి చెక్క, మెలికలు తిరిగిన వీపు, మూడు కాళ్ళు నాజూకుగా, నాలుగోది మాత్రం మంచం కోడులాంటి మోటు కర్ర. ఒక చెయ్యి నున్నగా వంపు తిరిగింది, రెండో వైపు చెయ్యి మధ్యలోనే తెగిపోయింది. తెచ్చిన ముసలి నౌకరుకు చెవుడు. "బాగుచెయ్యుండ్రి" అని వెళ్ళిపోయాడు.

"ఎవడో తాగి చేసిండు," అన్నాడు నర్సింగన్న. మోటు కాలు తీసేసి, మిగతా మూడింటికీ జోడుగా కొత్త కాలు చెక్కడానికి కూర్చున్నాడు. ఎంత మురిపెంగా చెక్కాడని! పక్క దుకాణాల వాళ్ళు వచ్చి చూసిపోయారు. ఆ హడావుడిలో కుర్చీని సరిగ్గా బోర్లా వేసి చూసిన పాపాన ఎవరూ పోలేదు.

కొన్నాళ్ళకు ఆ కుర్చీ పంపిన ఇంటి అమ్మాయి నస్రీన్ వచ్చింది. కాలేజీలో చదివే పిల్ల. కొత్త కాలు చూసి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని ఆపకుండా నవ్వింది.

"అన్నా, ఇది సగం కుర్చీ. మీరు దీన్ని పూరా కుర్చీ చేసిండ్రు!"

బోర్లా వేశాం. చెక్క అంచు పొడుగునా రంపం గాట్లు.

అది బాతాఖానీ కుర్చీ. ఇద్దరు కూర్చునేది. పాములా మెలిక తిరిగిన ఒకే వీపు, దానికి అటొక సీటు, ఇటొక సీటు. ఇద్దరి భుజాలు పక్కపక్కనే ఉంటాయి, మొహాలు మాత్రం చెరో దిక్కు. కొంచెం తల తిప్పితే చాలు, ఎదురెదురుగా మాట్లాడుకోవచ్చు. నస్రీన్ తాత, ఆయన తమ్ముడు దేవిడీ, అంటే వాళ్ళ పెద్ద బంగళా, పంచుకున్నప్పుడు పంతాలకు పోయి అన్నిటినీ సగం చేశారట. భోజనాల దగ్గర పరిచే దస్తర్‌ఖాన్లను కత్తెరతో, తివాచీలను కత్తితో, దీన్ని రంపంతో. తమ్ముడు ఊరు విడిచి వెళ్ళినప్పుడు ఆయన సగం హర్రాజులో పోయింది. తాత కూడా పోయాడు. మిగిలిన సగాన్ని నస్రీన్ దాదీ, ఆ తాత భార్య, గోడకు ఆనించి పెట్టింది, ఎవరినీ కూర్చోనివ్వలేదు. ఆమెను అందరూ పాషా అంటారు.

ఆ ఇంట్లో పెళ్ళి జరిగితే జల్వా ఆ కుర్చీ మీదే జరిగేది. జల్వా అంటే, అప్పటిదాకా ఒకరినొకరు చూడని పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు అద్దంలో మొదటిసారి మొహాలు చూసుకునే వేడుక. పాషా తన భర్తను మొదట చూసింది ఆ కుర్చీలో కూర్చునే. ఇప్పుడు నస్రీన్‌కు సంబంధం కుదిరింది, లగ్గం ముందుంది.

"దాదీ ఎప్పుడూ ఏదీ అడగదు. ఇదొక్కటే అడిగింది. నా జల్వా ఆ కుర్చీ మీదనే కావాలంట," అంది నస్రీన్. ఈసారి నవ్వలేదు.

ఉస్తాద్ రెండో సగం కొత్తది చేసి ఇస్తానన్నాడు. మర్నాడు పాషా నుంచి కబురు వచ్చింది. "కొత్తది నక్కో. దానికి నేను తెల్వదు, నాకు అది తెల్వదు."

పెయ్యల కుర్చీ

రెండో సగం కోసం హర్రాజు దుకాణాలన్నీ వెతికాం. నర్సింగన్న చాయ్ హోటళ్ళు, మంగలి దుకాణాలు, డాక్టర్ల వరండాలు అన్నీ చూశాడు. దొరకలేదు. దొరికింది నాకు, అది కూడా వెతకనప్పుడు.

మా చెల్లెలు చాంద్రాయణగుట్టలో ఉండేది. దాని పసిబిడ్డను చూడడానికి బస్సులో వెళ్ళి, చౌరస్తా దగ్గర పాల దుకాణం ముందు ఆగాను. పాల క్యాన్ల వెనక గుమ్మటంలాంటి మనిషి ఒకడు, పక్కకు తిరిగి కూర్చుని ఉన్నాడు. మనిషి ఎందుకు వంకరగా కూర్చున్నాడా అని చూస్తే, వంకర మనిషిది కాదు. కుర్చీది.

"పయిల్వాన్, జర లేస్తవా?"

"ఎందుకు?"

"నీ కుర్చీ కింద చూడాలె."

"కుర్చీ కింద ఏముంటది? పిల్లి ఉంటది. నీకు పాలు కావాల్నా, పిల్లి కావాల్నా?"

ఎంత బతిమాలినా లేవలేదు. నేను కొంగు దోపుకుని నేలమీద కూర్చుని తల కిందికి పెట్టి చూశాను. పిల్లి నిజంగానే ఉంది. దాని పైన చెక్క అంచున, మా దగ్గరున్న సగానికి ఉన్నట్టే రంపం గాట్లు. సీటు పట్టె లోపల ఎప్పటిదో తడి ఇంకిన గోధుమరంగు మరక కూడా ఉంది. ఎగిరి గంతేశాను. సంగతంతా చెప్పాను. పాషా, నస్రీన్, జల్వా, అన్నీ.

ఆ మనిషి పేరు యాదయ్య. తాతల నాటి నుంచి పాల వ్యాపారం. అంతా విని తల అడ్డంగా ఊపాడు.

"ఇయ్య. గీ కుర్చీ వచ్చినంక నా బర్రెలకు ఒక్క దున్న పుట్టలె, అన్నీ పెయ్యలే. ఇప్పుడు మూడు సూడితోని ఉన్నయ్. కుర్చీ పోతే బర్కత్ పోతది."

"అమ్మకు పయిల్వాన్. లగ్గం నాటికి ఒక్క దినం ఇయ్యి."

"ఒక్క ఘడియ గూడ ఇయ్య. కుర్చీ యాడుంటే నేనాడ."

అప్పుడు సీటు మీటి చూశాను. చప్పుడే లేదు, చచ్చిపోయింది. "ఇగో, ఇంకో పండుగ నాటికి నువ్వు దీంట్లకెళ్ళి కింద పిల్లి మీద పడుతవ్. మా దుకాణానికి తే. ఉత్తగ అల్లిస్త. నువ్వు గూడ వచ్చి పక్కన కూసో," అన్నాను. ఆయన పిల్లి వంక చూశాడు, ఒప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున మా దుకాణం గల్లీలో పెద్ద లొల్లి. బయటికి వచ్చి చూస్తే ట్రాలీ రిక్షా మీద సగం కుర్చీ, దాని మీద నిండుగా యాదయ్య, ఒళ్ళో పాల క్యాను. రిక్షా తొక్కేవాడి నాలుక బయటికి వచ్చింది. గాజుల దుకాణాల ఆడవాళ్ళు గల్లీకి రెండు వైపులా నిలబడి నవ్వుతున్నారు. యాదయ్య మాత్రం ఊరేగింపులో దేవుడిలా ముందుకే చూస్తున్నాడు.

అల్లినన్ని రోజులూ పొద్దున తెచ్చేవాడు, సాయంత్రం తీసుకుపోయేవాడు. నా పక్కనే నేలమీద కూర్చుని, "గాడ వదులైంది" అని నాకే చెప్పేవాడు. ఆయన తెచ్చిన పాలతో మా దుకాణం చాయ్ చిక్కబడింది. నర్సింగన్న దురుసు నోరు కూడా కొంత మెత్తబడింది. ఇవ్వనన్న మాట మాత్రం మారలేదు. లగ్గం దగ్గరపడుతోంది. నస్రీన్ వచ్చినప్పుడల్లా మా మొహాలు చూసి ఏమీ అడగకుండా వెళ్ళిపోయేది.

నర్సింగన్న ఆ సీటు పట్టె మీది మరక గీకుతానంటే ఉస్తాద్ ఆపాడు. "ఉండనియ్యి. అది ఎవరిదో, ఎందుకు అయిందో నీకు తెల్వదు."

అతికించే విషయంలో కూడా ఉస్తాద్ మాట గుర్తుపెట్టుకోండి. సరేసు పెట్టి శాశ్వతంగా అతకడం సులువు. కానీ ఇద్దరు యజమానులున్న కుర్చీ అది. అందుకని రెండు సగాల అంచుల్లోనూ రంధ్రాలు తొలిచి, టేకు సీలలు దిగేలా చేశాడు. కొడితే ఒకటవుతుంది, లాగితే రెండవుతుంది. విడిగా ఉన్నప్పుడు నిలబడడానికి ఒక్కోదానికి ఒక కాలు కావాలి. నర్సింగన్న పొరపాటున చెక్కిన కాలు అక్కడికి అతికినట్టు సరిపోయింది. దానికి జోడు ఇంకోటి చెక్కాడు, ఈసారి ఎవరూ నవ్వలేదు. మన చేత్తో చేసిన పనిని మళ్ళీ మనమే విప్పగలిగేలా చెయ్యాలి. ఈ వృత్తిలో నేను నేర్చుకున్నవాటిలో ఇదే పెద్దది.

చాదరుకు అటూ ఇటూ

యాదయ్యను ఎట్లాగో ఒప్పించి ఒక్కసారి కలిపి చూశాం. యాదయ్య ఆయన వైపు కూర్చున్నాడు, పాషా వైపు నన్ను కూర్చోబెట్టారు. మరుక్షణం నా కాళ్ళు నేల మీద లేవు. నేనూ, నా సగమూ గాల్లోకి లేచాం. నర్సింగన్న పట్టుకోకపోతే గల్లీలో పడేదాన్ని.

నేలమీద పడుకున్న ఉస్తాద్ లేచి గడ్డం దులుపుకున్నాడు. "నీ బరువు చాలదు బేటీ. అయినా పద్ధతి పద్ధతే. అసలు మనిషి కూసోవాలె. పాషాకు కబురు పెట్టు."

ఆమె వస్తుందని నేను అనుకోలేదు. దేవిడీ గడప దాటి ఎన్నేళ్ళయిందో. పరాయి మగాడి పక్కన ఎట్లా కూర్చుంటుంది? కానీ మధ్యాహ్నం పర్దా కట్టిన రిక్షా వచ్చి ఆగింది. ముందు నస్రీన్ దిగింది, తర్వాత బురఖాలో ఒక పెద్దావిడ. మేం వీపు మెలిక పొడుగునా చాదరు కట్టాం. ఆ కుర్చీ చేసినవాడి తెలివి నాకు అప్పుడు అర్థమైంది. యాదయ్య మొహం గల్లీ వైపు, పాషా మొహం గోడ వైపు. ఇద్దరూ పక్కపక్కనే ఉన్నారు, ఒకరికొకరు కనపడరు.

పాషా కూడా తక్కువ మనిషి కాదు. ఆమె కూర్చోగానే కుర్చీ సమంగా నేలకు ఆనింది. ఉస్తాద్ కాలికి చెవి పెట్టి పడుకున్నాడు. "మాట్లాడుండ్రి," అన్నాడు.

యాదయ్య మెడ మీద చెమట కారుతోంది. చివరికి చాదరు అవతలి నుంచి మాట వచ్చింది. పాషాకు తెలుగు వచ్చు. పెంచిన ఆయా దగ్గర నేర్చుకున్న పల్లెటూరి తెలుగు.

"ఎవ్వరి కొడుకువు నాయనా?"

"పాల సాయన్న కొడుకునమ్మా."

"ఏ సాయన్న? మా దేవిడీకి పాలు పోసిన సాయన్ననా? ఎర్ర రుమాలు?"

"హౌ అమ్మా. మా నాయనే."

తర్వాత చాదరు ఊగడం మొదలైంది. పాషా నవ్వుతోంది.

"అయితే నువ్వు యాదిగానివి! లడ్డు లెక్క ఉండెటోనివి. నా లగ్గమైన కొత్తల్ల మీ అమ్మ నిన్ను సంకనేసుకొని వచ్చింది. నేనే నిన్ను ఎత్తుకొని గీ కుర్చీల కూసోబెట్టి, చేతిల మిస్రీ ముక్క పెట్టిన. నువ్వు మిస్రీ చప్పరించుకుంట పూరా కుర్చీ తడిపినవ్!"

నేను నర్సింగన్న వైపు చూశాను. నర్సింగన్న సీటు పట్టె వైపు చూశాడు. గోధుమరంగు మరక! ఇద్దరం ఒకేసారి పడీపడీ నవ్వాం. నస్రీన్ గోడ పట్టుకుంది. యాదయ్య మొహం మందారమైంది.

"మా అమ్మ చెప్పేది. పెద్దింట్ల ఆగం చేసినవురా అని. గా కుర్చీ గిదేనా?" అన్నాడు గొంతు తగ్గించి.

"గిదే. మా అత్త మస్తు తిట్టింది. ఆయన మాత్రం నవ్విండు. పెండ్లైనంక ఆయన నా ముంగట మొదటిసారి నవ్వింది గప్పుడే," అంది పాషా. "నీ పుణ్యమే నాయనా."

ఉస్తాద్ ఇంకా చెవి తియ్యలేదు. నర్సింగన్న ఆ సగాన్ని అదిమి పట్టుకున్నాక యాదయ్య నెమ్మదిగా లేచి నిలబడ్డాడు. ఆ పెద్ద మనిషి కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

"తీస్కపో అమ్మా. లగ్గం మంచిగ కానియ్యి."

"మరి నీ పెయ్యలు?"

"పుట్టేటియి పుడ్తయ్."

"లగ్గమైనంక నీది నీకు పంపుత. నా జబాన్. ఫికర్ చెయ్యకు."

ఉస్తాద్ లేచి బట్టలు దులుపుకున్నాడు. "కుర్చీ ఒక్క మాట మాట్లాడలె," అన్నాడు, ఆ రోజుకు అదే ముఖ్యమైన వార్త అన్నట్టు.

రెండు లగ్గాలు

నస్రీన్ జల్వా ఆ కుర్చీ మీదే జరిగింది. సీలలు కొట్టడానికి ఆడవాళ్ళ వైపు నన్నే పిలిచారు, అందుకని కళ్ళారా చూశాను. అద్దంలో చూసుకుని నస్రీన్ తల దించుకుంది, పెళ్ళికొడుకు చెవులు ఎర్రబడ్డాయి. పాషా వాళ్ళ వంక చూడడం లేదు. కుర్చీ వీపు మీద చెయ్యి వేసి నిమురుతూ ఉంది. పని చేసినవాళ్ళకు ఇంతకంటే ఏం కావాలి?

యాదయ్య ఆ రోజంతా, "కుర్చీ యాడుంటే నేనాడ" అని అందరికీ చెబుతూ, దేవిడీ గేటు బయట ఖాళీ పాల క్యాను మీద కూర్చున్నాడు. లోపలి నుంచి కుర్చీలు పంపితే ఒక్కదాని మీదా కూర్చోలేదు. సాయంత్రం సీలలు లాగి ఆయన సగం బయటికి పంపారు. సీటు మీద పట్టుగుడ్డ మూట ఉంది. విప్పితే నిండా మిస్రీ, పటికబెల్లం ముక్కలు. యాదయ్య గేటు దగ్గరే ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు.

తర్వాత బర్రెలు ఈనాయి. రెండు పెయ్యలు, ఒక దున్న. దున్న పుట్టింది కుర్చీ ఇంట్లో ఉన్నప్పుడే అని నర్సింగన్న ఆయన్ని ఏడిపించేవాడు.

కొన్నేళ్ళకు యాదయ్య చిన్నకూతురి పెళ్ళి చాంద్రాయణగుట్టలోనే చేశారు. మమ్మల్ని ముగ్గురినీ పిలిచాడు. పందిట్లో తలంబ్రాలైన జంటను కూర్చోబెట్టడానికి ఏవో కిరాయి కుర్చీలు వేసి ఉన్నాయి. ఆయన సగం కుర్చీ ఒక మూలన, పూలదండ వేసుకుని, ఒంటరిగా.

"పాషాను అడగకపోయినవా?" అన్నాను.

"పెద్దింటోళ్ళు. లగ్గానికి రమ్మన్న గని కుర్చీ ఎట్ల అడుగుత? మొఖం చెల్లలె," అన్నాడు.

ఆ మాట పూర్తయ్యిందో లేదో, పందిరి ముందు పర్దా రిక్షా ఆగింది. దాని వెనక ఇంకో రిక్షాలో, దుప్పటి కప్పిన సగం కుర్చీ. నస్రీన్ సీలల సంచీ నా చేతికి ఇచ్చింది. నేనూ నర్సింగన్నా కలిసి దెబ్బ మీద దెబ్బ కొట్టి ఒకటి చేశాం. ఉస్తాద్ అంత పెద్దవాడై ఉండి, పెళ్ళివాళ్ళందరి ముందూ నేలమీద పడుకుని చెవి ఆనించాడు. కొత్త జంటను కూర్చోబెట్టి, మాట్లాడమని ఆజ్ఞాపించాడు. వాళ్ళు సిగ్గుతో చచ్చిపోయారు.

యాదయ్య భార్య కంగారుగా చేతులు జోడించింది. "ఎండల వచ్చిండ్రు పాషా. పని కాంగనే కుర్చీ మేమే భద్రంగ పంపుతం. మీరు ఇంటికి పొయ్యి ఆరామ్ చెయ్యుండ్రి."

"ఎట్ల పోత?" అంది పాషా. "కుర్చీ యాడుంటే నేనాడ."

పందిరంతా గొల్లుమంది. యాదయ్య నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో నాకు తెలియలేదు. అంతలో ఆయన మనవరాలు, ఇంకా సరిగా నడక రాని బొద్దు పిల్ల, ఎక్కడి నుంచో పాకుతూ వచ్చి కుర్చీ కాలు పట్టుకుని పైకి ఎక్కబోయింది. అందరూ "అయ్యో, అయ్యో" అన్నారు. పాషా వంగి ఆ పిల్లను ఎత్తుకుంది, చేతిలో మిస్రీ ముక్క పెట్టింది, పక్కనే చాప మీద కూర్చుని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది.

"గీ ఖాందాన్‌ను నేను ఎరుగుదు. తడిపితే నన్నే తడపనియ్యి," అంది.

మేం సీలలు లాగేసరికి సాయంత్రమైంది. పాషా చీర తడిసే ఉంది.